చాలు అనని మాంత్రికుడు

శంఖినీ నది దానగిరి రాజ్యంలోకి అడుగుపెట్టే చోటు ఒకప్పుడు చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావు. పాలు పొంగినట్టు తెల్లని నురగ, రెండు గట్లమీదా మొగలిపొదలు, ఆ వాసనకి దారి మరిచిపోయే తుమ్మెదలు, నీళ్ళమీద వాలి లేచే కొంగల బారులు, సాయంకాలం రేవుల్లో గాజుల చప్పుడూ నవ్వులూ. పట్టపుటేనుగును స్నానానికి దింపిన మావటివాళ్ళు దాన్ని తిరిగి గట్టెక్కించలేక నానా తంటాలూ పడేవారు. దానికీ ఆ నీళ్ళు వదిలి రాబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడదే నదిలో నట్టనడుమ రెండు గుర్రాలు దుమ్ము రేపుకుంటూ పరుగెత్తుతున్నాయి. నది లేదు. నెర్రెలిచ్చిన బురదా, తలకిందులైన పడవలూ, ఎండలో మెరిసే చేపపొలుసులూ మిగిలాయి.

వెనక గుర్రం మీద ఉన్నవాడు దానగిరి యువరాజు కీర్తిధవళుడు. నది పోవడానికి కారణం అతనే. ఆ సంగతి అతనికి తెలుసు, అతని గుర్రానికి తెలుసు, దారిలో బోర్లించిన ప్రతి కుండకీ తెలుసు.

జరిగింది ఇది. కిందటి నెలలో వేటకి వెళ్ళి అతను ఊబిలో దిగబడ్డాడు. మెడదాకా మునిగాక ఒక ముసలి సన్యాసి కర్ర అందించి బయటికి లాగాడు. దానగిరి వాళ్ళకి ఇవ్వడమంటే పిచ్చి. ఇచ్చేటప్పుడు 'ఇంత' అనడం వాళ్ళకి తలవంపు. అడిగినవాడి కడుపుకి కొలత చెప్పినట్టవుతుందని వాళ్ళ నమ్మకం. యువరాజు కూడా ఒళ్ళంతా బురదతోనే చేతులు జోడించి, "ఎంత కావాలంటే అంత అడగండి స్వామీ," అన్నాడు. సన్యాసి తన కమండలం చూపించి, మీ నదిలో నీళ్ళు దీన్నిండా ఇప్పించు నాయనా అన్నాడు. కీర్తిధవళుడికి నవ్వొచ్చింది. ఇంతేనా అన్నాడు. సన్యాసి కమండలం నదిలో ముంచాడు. పొద్దు వాలేసరికి నది మొత్తం అందులోకి పోయింది, కమండలం మాత్రం నిండలేదు. అతను అమేయనాథుడనే మాంత్రికుడని అప్పుడు తెలిసింది.

దానగిరిలో ఎవరూ యువరాజును పల్లెత్తు మాట అనలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే అని, ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకనెత్తుకుని చెలమలు తవ్వుకోవడానికి పోయారు. తిట్టివుంటే బాగుండేది. ఆ మౌనం భరించలేకే అతను గుర్రమెక్కాడు.

ముందు గుర్రం మీద ఉన్నది ప్రియంగుదేవి, శంఖిని సముద్రంలో కలిసే వేలాపురి రాజకుమార్తె. నది ఎండితే వాళ్ళ ఉప్పుగాలికి ఊరంతా నాలుక పిడచగట్టుకుపోతుంది, అందుకని వచ్చింది. అమేయనాథుడి గుట్టు కూడా ఆమే తెచ్చింది. అతను శూన్యభైరవిని కొలిచి ఒక వరం పొందాడట. నోట 'చాలు' అన్న మాట రానంతకాలం ఎంత తీసుకున్నా అతని కమండలంలో పడుతుంది. ఆ మాట ఒక్కసారి నోరు జారితే తీసుకున్నదంతా ఎక్కడిదక్కడికి పోతుంది. అతన్ని నరికితే లాభం లేదు, బతిమాలితే అంతకన్నా లేదు. చాలు అనిపించాలి.

సభలో ఆమె అన్న తొలిమాటకే యువరాజుకి ఒళ్ళు మండింది. "శంఖిని మీ ఎల్లరాయి దాటేవరకు మీ వెంట ఉంటాను. ఆ తరవాత మీ దారి మీది, నా దారి నాది," అందామె. ఎల్లరాయి దాటిన నీళ్ళకి సముద్రం దారి ఎవరూ చెప్పక్కర్లేదు కదా అని కూడా అంది. సాయానికి వచ్చి, వచ్చిన పూటే ఎంతవరకో చెప్పే మనిషిని దానగిరి ఎన్నడూ చూడలేదు.

వేలాపురిలో అందరూ అంతే. అక్కడి పిల్లలు అమ్మ, అన్నం, మేర అని ఆ వరసలో మాటలు నేరుస్తారని పొరుగు దేశాలవాళ్ళు ఎగతాళి చేస్తారు. కనుచూపు మేర, చేతనైన మేర, ఒప్పుకున్న మేర, ఓపిక ఉన్న మేర. మేర అంటే ఎక్కడ ఆగుతామో ముందే చెప్పడం. మేర కట్టని మాటని అక్కడ మాటకింద లెక్కపెట్టరు, గాలికింద లెక్కపెడతారు. భోజనానికి పిలిచినా దీపాలు పెట్టేవరకు చూస్తాం అంటారు. అయితే దీపాలు పెట్టేవరకు కచ్చితంగా చూస్తారు. తుఫానొచ్చినా, ఇల్లు కూలినా వాకిట్లో నిలబడి చూస్తారు. పక్కన ప్రయాణం చేస్తుంటే యువరాజుకి మెల్లిగా ఆ రెండో సగం తెలిసివస్తోంది.

పొలిమేర పల్లెలో వాళ్ళు ఆగారు. ఊరంతటికీ ఊటబావి ఒకటే మిగిలింది, దానికి కూడా ఊపిరి ఆడుతోందంతే. అయినా ఒక ఇల్లాలు ఆకులు వేసి సంకటి పెట్టింది. కీర్తిధవళుడు అలవాటుగా తొలి ముద్ద తీసి ఆకు పక్కన పెట్టాడు. ఎవరికని ప్రియంగుదేవి అడిగింది. రాని అతిథికి అన్నాడతను. దారిలో ఎక్కడో ఆకలితో ఉండి మన గడప దాకా రాలేకపోయినవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడని, అతని ముద్ద తీయకుండా దానగిరిలో ఎవరూ తినరని చెప్పాడు. ఇల్లాలు మళ్ళీ గరిటె పట్టుకొచ్చి, మా మీద ఒట్టు, ఇంకొక్క గరిటె అని వంగింది. యువరాజు చెయ్యి చటుక్కున ఆకుమీద అడ్డం పడింది. "చాలు చాలు తల్లీ" అన్నాడు.

ఇల్లాలు లోపలికి వెళ్ళాక ప్రియంగుదేవి నవ్వాపుకుంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కడుపులో పేగులు అరుస్తున్నాయి, చాలని ఎందుకన్నారు అని అడిగింది.

"నేనన్నానా? నోరు అంది," అన్నాడతను సిగ్గుపడుతూ. వాళ్ళ దేశంలో పెట్టే చెయ్యి తనంతట తాను ఆగకూడదు, తినేవాడు చాలంటేనే ఆగాలి. చాలనకుండా విస్తరి ముందునుంచి లేస్తే ఇల్లాలికి అవమానం. పాలపళ్ళు ఊడకముందే తల్లులు నెత్తిన మొట్టి మరీ నేర్పే పాఠం అది. ఒట్టు అన్న మాట చెవిన పడగానే చెయ్యి, నోరు వాటంతటవే పనిచేస్తాయి.

వెళ్ళేటప్పుడు ఆ ఇల్లాలు ఇంట్లో ఉన్న మజ్జిగంతా కుండలతో తెచ్చి ముందు పెట్టింది. ఎందుకని అడగలేదు. ఎంత కావాలంటే అంత పట్టుకెళ్ళండి అంది. ఇంటి వెనక ఆమె పిల్లలు ఎండిన పెదాలతో చూస్తున్నారు. ప్రియంగుదేవి ఒక్క కుండ మాత్రం తీసుకుని, ఈ కుండ వరకే అమ్మా, మిగిలింది పిల్లలకి అంది. ఇల్లాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇవ్వడంలోనే గొప్ప ఉందనుకుంటూ పెరిగిన యువరాజుకి, పుచ్చుకోవడంలో కూడా ఇంత గొప్ప ఉంటుందని ఆ వాకిట్లో తెలిసింది.

ఎల్లరాయి దాటి కొంతదూరం వెళ్ళాక గుర్రాలు మొండికేశాయి. ఎదురుగా అనంతదుర్గం. నల్లని కొండ చుట్టూ అడుగు కనిపించని అగాధం, కొండ నెత్తిన ఆకాశంలోకి కరిగిపోయే బురుజులు, గోడల్లో బంధించిన నదుల మెరుపులు పాముల్లా కదులుతున్నాయి. ఒక గోడలో నీలం, ఒక గోడలో కాటుక నలుపు, వాకిలి పక్క గోడలో మాత్రం పాలతెలుపు. అది శంఖిని. గోడకి చెవి ఆనిస్తే గలగలలు వినిపిస్తాయి గానీ కొండమీద ఒక్క గడ్డిపరకకి తడి లేదు. అంత సంపద, అంత దరిద్రం ఒకే చోట ఉన్నాయి.

అగాధం మీద ఒక సన్నని రాతి వంతెన ఉంది. గుర్రాల్ని వదిలేసి, మజ్జిగకుండ యువరాజు నెత్తిన పెట్టుకుని, ఇద్దరూ వంతెన ఎక్కారు. అవతలి గట్టు చేతికందేంత దగ్గరగా ఉంది. ఎంత నడిచినా అంతే దగ్గరగా ఉంది. దారిలో ఒక ముసలివాడు ఎదురయ్యాడు. మోకాళ్ళ దాకా గడ్డం, అరిగిపోయి బొటనవేలు లేని చెప్పులు. "అదిగో, వచ్చేసింది" అనుకుంటూ నడుస్తూనే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో వంతెన ఎక్కాడట.

ప్రియంగుదేవి ఆగి, ఎందాకా నడుద్దామనుకున్నారు అని అడిగింది. చివరిదాకా అన్నాడతను. ఈ వంతెనకి చివర లేదు, మనమే పెట్టాలి అని ఆమె ఒక రాయి తీసి ముందుకి విసిరింది. రాయి ఖణేలుమని పడింది.

"ఆ రాయి వరకే నడుస్తాను. అవతల ఒక్క అడుగు వెయ్యను," అని గట్టిగా పలికింది.

రాయి దగ్గరికి చేరేసరికి ముందు వంతెన మీద నీళ్ళు మెరిశాయి. నురగలు కక్కుతూ శంఖిని, ఒడ్డున మొగలిపూలు, రేవులో దాహంతో చేతులు చాస్తున్న దానగిరి జనం. కీర్తిధవళుడి కాలు దానంతటది లేచింది. ఆమె అతని నడుంకట్టు పట్టుకుని ఆపింది. ఆమె కళ్ళలో కూడా నీళ్ళున్నాయి, కాలు మాత్రం రాయి దాటలేదు. ఆ మరుక్షణం మెరుపు ఆరిపోయింది. వంతెన రాయి దగ్గరే ముగిసిపోయింది, వాళ్ళు నిలబడ్డది అవతలి గట్టుమీద. ఆ మెరుపు వెంట ఇంకో అడుగు వేసివుంటే మళ్ళీ అంతులేని వంతెనే. ఆమె వెనక్కి తిరిగి, తాతా, నీ కర్ర విసిరి అది పడ్డచోట ఆగు అని కేక వేసింది. అలాగే చేసిన ముసలివాడు ఇవతలి గట్టున కూలబడి, తన పెళ్ళాం పేరు పెట్టి ఏడ్చాడు.

అంతలో బండరాళ్ళ మధ్యనుంచి గర్జన. రాతిపులి ఒకటి ఒళ్ళు విరుచుకుని లేచింది. కోరలు నాగళ్ళంత, గోళ్ళు కొడవళ్ళంత. కీర్తిధవళుడు కుండ ఆమెకిచ్చి కత్తి దూసి పులి భుజం మీద వేటు వేశాడు. పులి ఇంకాస్త పెరిగింది. మరో వేటు, మరికాస్త పెరిగింది. దీనికీ అంతు లేదని అతనికి అర్థమైంది. కత్తి ఒరలో పెట్టి, ఒంటిమీది ఎర్రటి ఉత్తరీయం ఊపుతూ వంతెన మీదికి పరుగెత్తాడు. పులి వెంటపడింది. అతను లోపల్లోపల 'ఈ విరిగిన రాతిపలక దాకా' అనుకున్నాడు, దాన్ని చేరగానే ఉత్తరీయం ముందుకి విసిరి నేలకి కరుచుకుపోయాడు. పులి అతని మీదుగా దూకి ఎర్రగుడ్డ వెంట పోయింది. అలా పోతూనే ఉంది. ఇప్పటికీ పోతూనే ఉందని అటు తిరిగే గొర్రెలకాపరులు చెబుతారు.

తిరిగొచ్చిన యువరాజుని ఆమె ఎగాదిగా చూసి, "నేర్చుకున్నారే," అంది. ఆ ఒక్క మాటకి అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది.

తాగినవాడు ఎప్పటికైనా చాలనాలి కదా అని, కొండమొదట, రెండు బండల నీడలో వాళ్ళు చలివేంద్రం పెట్టారు. తాటాకులు నాలుగు కప్పి, ఇసుకలో మజ్జిగకుండ పాతి, మూతికి గుడ్డ కట్టారు. ఆమె మూటలో తెచ్చుకున్న ముతకచీర కట్టి కొంగు తలమీద వేసుకుంది. అతను మొలకి అంగవస్త్రం చుట్టి, మీసాలకి బూడిద రాసి, మిగిలిన తాటాకునే విసనకర్రగా పట్టుకున్నాడు. మొగుడూ పెళ్ళాంలాగా కనిపించాలి కాబట్టి ఆమె అతన్ని ఏమయ్యో అని పిలవడం మొదలుపెట్టింది. విసరడం కూడా రాదేమయ్యో అని రెండుసార్లు కసిరింది. వేషం కోసం కసిరినట్టు అనిపించలేదు.

మండుటెండలో అమేయనాథుడు కొండ దిగి వచ్చాడు. పులిచర్మం, మోకాలి దాకా జడలు, చంకలో ఆ కమండలం. మనిషి మాత్రం ఎండిన మానులా ఉన్నాడు. పెదాలు చిట్లిపోయాయి. నదులన్నీ అతనివే, అయినా గుక్కెడు నీళ్ళు లేవు. కమండలం తీసుకుంటుందే తప్ప ఇవ్వదు. వంచితే ఎంతని వంచాలో దానికి తెలియదు. దారిన పోయేవాళ్ళ దగ్గర మాయ చేసి లాక్కు తాగి బతుకుతున్నాడు.

మజ్జిగ వాసనకి అతని ముక్కుపుటాలు అదిరాయి. అయినా అనుమానం మనిషి. కుండని తొంగిచూసి, చిన్నది అన్నాడు. సగం దాహంలో ఆపేసేవాళ్ళని తను బూడిద చేస్తానని, తన దాహం తీరేదాకా పోస్తానని మాట ఇస్తేనే కూర్చుంటానని మొండికేశాడు.

కనిపించే రాయి దాకా, దొరికిన కుండ దాకా మేర కట్టే మనిషి ప్రియంగుదేవి. ఇక్కడ అడుగుతున్నది కనిపించని మేర. ఆ దాహం తీరకపోతే ఈ జన్మంతా ఈ మాంత్రికుడికి నీళ్ళు పోస్తూ గడిచిపోతుంది. వద్దని కీర్తిధవళుడు విసనకర్ర చాటునుంచి తల ఊపాడు. ఆమె అతనివైపు చూడలేదు. గోడలో మెరుస్తున్న పాలతెలుపు వైపు చూసింది.

"మీ దాహం తీరేదాకా పోస్తాను స్వామీ. ఈ కుండ కాకపోతే ఇంకో కుండ. అదే నా మాట మేర," అంది.

మాంత్రికుడు గొంతుక్కూర్చుని దోసిలి పట్టాడు. ఆమె పల్లెనుంచి తెచ్చిన గరిటెతో పోసింది. తాగబోతూ అతను తొలి గుక్క పక్కకి చిలకరించాడు. ఎందుకలా చేశాడో అతనే గమనించుకున్నట్టు లేదు, కళ్ళు మూసుకుని తాగడం మొదలుపెట్టాడు.

కీర్తిధవళుడి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. రాని అతిథికి గుక్క తీసినవాడు దానగిరి వాడు. ఊళ్ళు మింగినా, నదులు మింగినా, ఎప్పుడో ఒకప్పుడు ఏ పొలిమేర పల్లెలోనో తల్లిచేత మొట్టికాయ తిని అన్నం తినడం నేర్చుకున్నవాడు.

గరిటె మీద గరిటె పోస్తూనే ఉంది ఆమె. మాంత్రికుడు తాగుతూనే ఉన్నాడు. కొంగలా మెడ చాచి, కళ్ళు మూసుకుని, గుటగుటలాడుతున్నాడు. కుండలో మజ్జిగ సగానికి దిగింది. సగం నుంచి పావుకి దిగింది. ఆమె నుదుట చెమట పట్టింది గానీ ధార తెగలేదు. ఓడిపోతానని తెలిసినా ఆమె ఆ పని అంత శ్రద్ధగానూ చేస్తోంది. చివరికి గరిటె కుండ అడుగుకి గీసుకుని గరగరమంది. మాంత్రికుడి దోసిలి ఇంకా చాచే ఉంది.

కీర్తిధవళుడు విసనకర్ర పారేసి ఆమె చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. ఉత్త గరిటె. దాన్ని ఎత్తి మాంత్రికుడి దోసిలి మీదికి వంగి, వాళ్ళ దేశపు ఇల్లాళ్ళు విస్తళ్ళ మధ్య తిరుగుతూ తీసే ఆ సాగదీసిన గొంతు తీశాడు.

"అదేమిటి నాయనా, ఏం తాగావని? మా మీద ఒట్టు. ఇంకొక్క గరిటె."

అమేయనాథుడి దోసిలి విడిపోయి, చెయ్యి చటుక్కున గరిటెకి అడ్డం పడింది.

"చాలు చాలు తల్లీ," అన్నాడు.

అన్నాక కళ్ళు తెరిచాడు. ఎదురుగా తల్లి లేదు. ఉత్త గరిటె పట్టుకుని వంగిన మగమనిషి, మీసాలకి చెమటతో కారుతున్న బూడిద. మాంత్రికుడి ముఖంలో మొదట సిగ్గు కనిపించింది, కోపం తరవాత వచ్చింది. చంకలో కమండలం పచ్చికుండలా టప్పున చిట్లింది.

కొండ కదిలింది. ముందు నీలం గోడ కూలింది, తరవాత నల్లటి గోడ. చివర్న వాకిలి పక్క పాలతెల్లని గోడ పెద్ద తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుని, శంఖిని బయటికి దూకింది. తనని తీసుకుపోయిన దారినే గుర్తుపట్టి, నురగలు కక్కుతూ, రాళ్ళని దొర్లించుకుంటూ, వంతెన కింది అగాధాన్ని ఒక్క ఊపులో నింపి, ఎండిన గర్భంలోకి ఉరికింది. తలకిందులైన పడవలు లేచి తిన్నగా తేలాయి. చలివేంద్రం కొట్టుకుపోయింది. కీర్తిధవళుడు, ప్రియంగుదేవి ఒక బండ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మజ్జిగకుండ మాత్రం ఆమె వదల్లేదు. తెచ్చిన కుండ తిరిగివ్వాలి కదా అంది.

బండమీది నుంచి ఎల్లరాయి కనిపిస్తుంది. తెల్లని నీటిచాలు దాని మొదలు తాకింది, దాన్ని చుట్టింది, దాటింది. దూరంగా పొలిమేర పల్లెలో జనం రేవుకి పరుగెడుతూ చీమలబారులా కనిపించారు. కీర్తిధవళుడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడుస్తూనే ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆమె చేతులు మెల్లిగా విడిపించుకుంది. "మీకిచ్చిన మాట తీరింది రాజకుమారా. ఇంకో మాట మిగిలి ఉంది," అంది.

అమేయనాథుడు నీటికి అవతల, కూలిన గోడ మీద నిలబడి ఉన్నాడు. జడలు రాలిపోయాయి, పులిచర్మం వెలిసిపోయింది. నవ్వు మాత్రం పోలేదు. "చాలన్నది మర్యాదకి అన్నాను," అన్నాడు. "నది పోయింది, పోనీ. నా దాహం తీరిందా అని అడగవేం అమ్మీ?"

ఆమె అడగలేదు. తీరలేదని, పక్కన నది పారుతున్నా తీరదని ఆ పెదాలే చెబుతున్నాయి. కీర్తిధవళుడు కత్తి దూసి నీళ్ళలోకి దూకబోయాడు. ఆమె అడ్డం వచ్చింది. మోసగాడికిచ్చిన మాట మాటేనా అని అతను అరిచాడు. ఎవరికిచ్చానని కాదు, ఎందాకా అన్నానన్నదే చూసుకోవాలి, మేర మార్చుకుంటే నేను వేలాపురి మనిషినెలా అవుతాను అంది ఆమె. భయం లేనట్టు నటించలేదు. భయపడుతూనే ఆ బండమీద నిటారుగా నిలబడింది. రాజులు, వీరులు, దాతలు నిండిన సభల్లో పెరిగిన కీర్తిధవళుడు అంతటి మనిషిని అంతవరకూ చూడలేదు.

మాంత్రికుడికి మిగిలిన ఆఖరి మాయ అతని రెక్కలు. బూడిదరంగు రాబందై, ఆమెని ఎత్తుకుపోవడానికి ఎగిరి వచ్చి బండమీద వాలాడు. ప్రియంగుదేవి ఖాళీ కుండ యువరాజు చేతిలో పెట్టి, రాబందు వైపు తిరిగింది.

"ఎందాకా తీసుకెళతారు స్వామీ? మేర తెలియని చోటికి మా ఇంటి ఆడపడుచులు కాలు పెట్టరు," అంది గట్టిగా, నది హోరుమీద వినిపించేలా.

రాబందు ముక్కు బిగించింది. కానీ ఒక్కసారి చాలన్న నోటికి మునుపటి మొండితనం లేదు. "ఉప్పుకొండ దాకా," అని జవాబు ఊడిపడింది.

అప్పుడామె కీర్తిధవళుడి వైపు ఒక్కసారి చూసింది. విన్నారా అని అడిగినట్టుంది ఆ చూపు. రాబందు గోళ్ళలో ఆమె ముతకచీర కొంగు రెపరెపలాడుతూ ఉత్తర దిక్కున చిన్నదై, చుక్కంతై, కనుచూపు మేర దాటిపోయింది.

రేవులో తప్పెట్లు మోగుతున్నాయి. యువరాజుని జనం పేరు పెట్టి పిలుస్తున్నారు. అతను అటు వెళ్ళలేదు. బండ దిగి, మోకాలిలోతు శంఖినిలో నిలబడి, కుండ నింపాడు. అంచుదాకా నిండింది, పొంగింది, ఆగింది. అడుగున్న కుండ ఎంత మంచిదో అతనికి ఆ రోజే తెలిసింది.

ఏదో ఒక మాట చెప్పుకోవాలనిపించింది. ఎప్పటికీ అనీ, ప్రాణమున్నంతకాలం అనీ దానగిరి మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. వాటిని మింగేశాడు. మొలకెత్తుతున్న గడ్డినీ, పారుతున్న నీళ్ళనీ సాక్షిగా పెట్టుకుని, "ఉప్పుకొండ దాకా వెళతాను. ఆ మాంత్రికుడి దాహం తీరేదాకా పోస్తాను," అన్నాడు. చిన్న మాట. అన్నాక కాళ్ళకింద నేల గట్టిపడినట్టనిపించింది.

తాగుదామని దోసిలితో నీళ్ళు తీసుకున్నాడు. అలవాటుగా తొలి గుక్క పక్కకి చిలకరించబోయి ఆగాడు. చిన్నప్పటినుంచీ రాని అతిథికి గుక్క తీస్తూనే ఉన్నాడు గానీ, ఆ అతిథికి ముఖం ఉండేది కాదు. ఈసారి ఉంది, ముతకచీర కొంగు కప్పుకున్న ముఖం. నీళ్ళు మెల్లిగా ఉత్తరం వైపు వదిలాడు. మిగిలింది తాగి, కుండ నెత్తిన పెట్టుకుని, చుక్క తొణక్కుండా నడక మొదలుపెట్టాడు.